రాయి మనది, సరదా ఆవిడది

పొయ్యి మీద పాలుంటే దించేసి రండి. నేనాగుతాను. కబురు మధ్యలో లేచి వెళ్తే మాత్రం నాకు కోపం వస్తుంది. బంగారపు కొండకి వారసురాలైన ఒక అమ్మాయి, ఆవిడ మెళ్లో మన కృష్ణ ఒడ్డు వజ్రం, ఆ వజ్రం కట్టుకుని ఇంట్లో తిరిగిన కుక్క. ఒక సాయంత్రానికి ఇంతకంటే ఏం కావాలండీ?

ఆవిడ పేరు ఎవలిన్ వాల్ష్ మెక్‌లీన్. 1886లో అమెరికాలోని కొలరాడోలో పుట్టింది. 1947లో వాషింగ్టన్‌లో పోయింది. ఈ అరవై ఏళ్లలో ఆవిడ పెట్టిన ఖర్చు, పడిన కష్టం, పంచిన సరదా చూస్తే ఒక్క జన్మలో ఇవన్నీ ఎలా పట్టాయా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే. హోప్ వజ్రం పేరు మీరు వినే ఉంటారు. ముదురు నీలం రాయి. 45.52 కేరట్లు. 1911 నుంచి కన్ను మూసేదాకా అది ఆవిడదే.

ముందు రాయి సంగతి తేల్చేద్దాం. లేకపోతే పల్నాడు వాళ్లు నన్ను బతకనివ్వరు. ఈ నీలిరాయి పుట్టింది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలోనని వజ్రాల చరిత్ర రాసినవాళ్ల లెక్క. అప్పట్లో ఆ నేల గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. అందుకే లోకమంతా గోల్కొండ వజ్రం అంటుంది గానీ, గోల్కొండలో ఉన్నది అంగడి. తవ్వకం ఇక్కడ. ఫ్రాన్సు నుంచి వచ్చిన టావెర్నియర్ అనే వజ్రాల వర్తకుడు ఆ గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారట. ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారట. ఆ మట్టిని గోడ కట్టిన దొడ్లో పోసి, నీళ్లు పెట్టి కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరిగి, గడ్డల్ని రోకళ్లతో దంచి, మళ్లీ చెరిగి, ఆఖరికి చేతులతో ఏరతారట. చేటా, రోకలీ! ఫ్రెంచి రాజు మెడ దాకా వెళ్లిన రాయి మన చేటలోంచే వెళ్లిందన్నమాట. ఇవాళ ఆ కొల్లూరు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది.

మిగతాది గబగబా చెప్పేస్తాను. టావెర్నియర్ ఆ రాయిని 1668లో 14వ లూయీకి అమ్మాడు. అప్పుడది 115 కేరట్ల దాకా ఉండేది. రాజుగారు సానబట్టించి 69కి దించారు. 1792లో, ఫ్రెంచి విప్లవం గందరగోళంలో, దొంగలు ఎత్తుకుపోయారు. ఇరవై ఏళ్లకి లండన్‌లో ఇంకాస్త చిన్నదై తేలింది. హోప్ అనే షావుకారు కొన్నాడు, ఆయన ఇంటిపేరు దానికి అంటుకుంది. చేతులు మారి మారి 1910లో పారిస్‌లో కార్టియర్ వారి దుకాణానికి చేరింది. రాయిని కాసేపు అక్కడే కూర్చోబెట్టి మన అమ్మాయి దగ్గరికి వద్దాం.

ఎవలిన్ తండ్రి టామ్ వాల్ష్ ఐర్లండ్ మనిషి. వడ్రంగి. పందొమ్మిదేళ్లప్పుడు చేతిపని తప్ప ఏమీ లేకుండా అమెరికా చేరాడు. కొండలు పట్టి తిరిగాడు. తిరగడమంటే మామూలుగా కాదు, ఏళ్ల తరబడి. తొలకరి పడగానే మన వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో సద్దిమూట కట్టుకుని వచ్చి నేల మీద నుంచి చూపు తిప్పకుండా నడిచేవాళ్లని చూశారా? ఆ ఆశ ఎలాంటిదో వాళ్లని అడిగితే తెలుస్తుంది. వాల్ష్‌కి ఆ ఆశ 1896లో ఫలించింది. కొలరాడోలో యూరే అనే ఊరి పైన కొండల్లో, వెండి కోసం తవ్వి లాభం లేదని వదిలేసిన గనులున్నాయి. వాళ్లు పారేసిన రాళ్లని ఆయన పరీక్ష చేయించాడు. బంగారం! వెండి వెతికినవాళ్ల కంటికి బంగారం ఆనలేదు. ఆయన కిక్కురుమనకుండా చుట్టుపక్కల గనుల హక్కులన్నీ కొనేశాడు. క్యాంప్ బర్డ్ అని ఆ గని పేరు.

పదేళ్ల కూతురికి ఆయన చెప్పిన ఆ శుభవార్తే నలభై ఏళ్ల తర్వాత ఆవిడ రాసిన జీవితకథకి పేరైంది. 'నాన్నకి బంగారం తగిలింది' అనుకోండి మన మాటల్లో.

టామ్ వాల్ష్‌లో నాకు బాగా నచ్చేది ఇంకొకటి ఉంది. గని కూలీలకి ఆయన కట్టించిన బస. ఆ కొండల్లో, ఆ మంచులో, ఆ రోజుల్లో! కరెంటు దీపాలు, గది వెచ్చబెట్టే ఆవిరి గొట్టాలు, పాలరాయి పరిచిన చేతులు కడుక్కునే తొట్లు. భోజనానికి పింగాణీ పళ్లేలు. తను రేకు పళ్లెంలో తిన్న రోజులు మర్చిపోలేదు మహానుభావుడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. కూతురికి ఈ గుణం ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత తెలుస్తుంది.

1902లో గనిని ఒక ఇంగ్లీషు కంపెనీకి అమ్మాడు. యాభై లక్షల డాలర్లకు పైమాట. ఆ కాలపు యాభై లక్షలండీ! అప్పటికే కాపురం వాషింగ్టన్‌కి మారింది. అక్కడ మసాచుసెట్స్ అవెన్యూలో అరవై గదుల ఇల్లు లేచింది. 8,35,000 డాలర్ల ఖర్చు. ఇల్లు చూసినవాళ్లు ముందు మెట్ల దగ్గర ఆగిపోతారు. ఓడలో మెట్లు చూసి ముచ్చటపడి అలాంటివే కట్టించుకున్నారు.

ఆ ఇల్లు ఇప్పుడెవరిదో చెప్పుకోండి? ఇండోనేషియా రాయబార కార్యాలయం. దాని ముందు 2013లో ఎవరిని నిలబెట్టారో చెప్పుకోండి? సాక్షాత్తూ సరస్వతీదేవిని. బాలి ద్వీపం శిల్పం, తెల్లటి విగ్రహం, బంగారు నగలు, తామరపువ్వు మీద నిలబడి ఉంటుంది, పాదాల దగ్గర చదువుకునే పిల్లలు. లక్ష్మీదేవి కట్టించిన ఇంటికి సరస్వతి కాపలా కాస్తోందండీ. అటువైపు వెళ్తే ఓ దణ్ణం పెట్టండి.

మన ఎవలిన్‌కి చదువు మీద ధ్యాస తక్కువ. ఆవిడే చెప్పుకుంది. బడికి నడిచి వెళ్లడం కష్టంగా ఉందంటే నాన్న గుర్రబ్బండీ, బండివాణ్నీ ఏర్పాటు చేశాడు. ఏదడిగితే అది. పెద్దయ్యాక సంగీతం నేర్చుకోమని పారిస్ పంపితే, జుట్టుకి రంగు వేయించుకుని వచ్చింది. సంగీతం అబ్బలేదు. తండ్రి కోప్పడ్డాడా? ఆయనకి చేతకాదు ఆ పని. గారాబం అంటే అదీ.

1905లో పెద్ద దెబ్బ తగిలింది. న్యూపోర్ట్‌లో అన్నాచెల్లెళ్లు... కాదు, అక్కాతమ్ముళ్లు కారులో వెళ్తుంటే వంతెన దగ్గర కారు పల్టీ కొట్టింది. తమ్ముడు విన్సన్ అక్కడే పోయాడు. పదిహేడేళ్లవాడు. ఎవలిన్ కాలు నుజ్జయింది. ఆ తర్వాత ఒక కాలు పొట్టిదైపోయింది. నొప్పికిచ్చిన మార్ఫిన్ అలవాటై కూర్చుంది. దానితో ఆవిడ ఏళ్ల తరబడి పెనుగులాడింది, పుస్తకంలో దాపరికం లేకుండా రాసింది కూడా. 1905 అన్నాను. ఈ అంకె కూడా గుర్తుంచుకోండి, దీంతో మనకి పనుంది.

1908లో పెళ్లి. పెళ్లికొడుకు నెడ్ మెక్‌లీన్. వాళ్లది వాషింగ్టన్ పోస్ట్ పత్రిక నడిపే కుటుంబం. ఈ డబ్బు ఆ డబ్బుని పెళ్లాడింది. పెళ్లయ్యాక యూరప్ చుట్టి రమ్మని ఇద్దరి తండ్రులూ చెరో లక్ష డాలర్లు చేతిలో పెట్టారు. పిల్లలు బుద్ధిగా ఆ రెండు లక్షలూ ఊడ్చేశారు. మిగల్చడమన్న మాట వాళ్ల ఇళ్లల్లో ఎవరూ అననట్టుంది. అది చాలక, నాన్న పెళ్లి కానుకగా ఏదో ఒకటి కొనుక్కోమన్నాడని గుర్తొచ్చింది అమ్మాయికి. పారిస్‌లో కార్టియర్ దుకాణంలోకి నడిచింది. 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' అనే వజ్రం. 94 కేరట్ల పైచిలుకు. 1,20,000 డాలర్లు. బిల్లు నాన్నకి.

అదిగో, అక్కడే కార్టియర్ వారికి ఈ అమ్మాయి ముఖం గుర్తుండిపోయింది.

రెండేళ్లు తిరిగాయి. 1910లో ఎవలిన్ మళ్లీ పారిస్ వచ్చింది. పియెర్ కార్టియర్ స్వయంగా ఆవిడ బస చేసిన హోటల్‌కి వచ్చాడు. చేతిలో లక్క ముద్ర వేసిన పొట్లం. వెంటనే విప్పాడా? ఊహూఁ. కూర్చుని కథ మొదలుపెట్టాడు. ఈ రాయి ముట్టుకున్నవాళ్లకి అరిష్టమట, రాజులు తలలు పోగొట్టుకున్నారట, ఇంకెవరో సముద్రంలో మునిగారట. ఏం బేరగాడండీ! వేరే ఎవరైనా అయితే పొట్లం వైపు కూడా చూడకుండా లేచిపోయేవాళ్లు. ఈయనకి ఎదుటి మనిషి తెలుసు. ఎవలిన్ ఏమందో తెలుసా? నలుగురికీ అచ్చిరానివే తనకి అచ్చొస్తాయని అంది. అప్పుడు విప్పాడు పొట్లం.

అయినా కొనలేదు! రాయి బాగుంది, పొదిగిన తీరు నచ్చలేదంది. చక్కా ఇంటికి పోయింది. కార్టియర్ ఊరుకుంటాడా? చుట్టూ తెల్ల వజ్రాలు పెట్టి కొత్తగా పొదిగించి, సముద్రం దాటి అమెరికా వచ్చాడు. కొనమని అడగలేదు. శనివారం నుంచి సోమవారం దాకా మీ దగ్గరే ఉంచుకోండమ్మా అన్నాడు. అంతే.

మనవాళ్లు నీలం ఉంగరం చేయించుకునే ముందు రాయిని మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని పడుకుంటారు చూడండి, పడుతుందో పడదో తేల్చుకోవడానికి, ఇదీ అలాంటి పరీక్షే. ఆవిడ దిండు కింద పెట్టలేదు, అద్దం బల్ల మీద పెట్టింది. రాత్రంతా మంచం మీంచి దాన్నే చూస్తూ గడిపింది. సోమవారానికి తీర్పు వచ్చేసింది.

1911 జనవరిలో కాగితాలు రాసుకున్నారు. 1,80,000 డాలర్లు. అందులో ఒక షరతు చూడండి. ఆరు నెలల లోపు కొన్నవాళ్ల ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే, రాయి తిరిగిచ్చి అదే విలువకి వేరే నగలు తీసుకోవచ్చు! అరిష్టానికి గ్యారంటీ కార్డు. ఇలాంటి దస్తావేజు మీ జన్మలో చూశారా?

ఇక అత్తగారి వంతు. కోడలు తెచ్చిన రాయి సంగతి వినగానే అత్తగారు గుండె బాదుకుంది. వెంటనే తిప్పి పంపెయ్యమంది. కోడలు సరేనని పంపింది కూడా. కార్టియర్ వాళ్లు పుచ్చుకోలేదు. డబ్బు కట్టలేదని కోర్టుకెక్కారు. ఏడాది పాటు ఆ రభస నడిచి, చివరికి రాజీ కుదిరి రాయి ఎవలిన్ మెడకే వచ్చింది. ఎందుకైనా మంచిదని ఆవిడ దాన్ని ఒక ఫాదర్ దగ్గరికి తీసుకెళ్లి ప్రార్థన చేయించింది. ఆయన ప్రార్థన మొదలుపెట్టగానే ఆకాశం నల్లబడి ఉరుములు, మెరుపులు, పిడుగు పడి ఎదుటి చెట్టు చీలిపోయిందట. ఇది ఆవిడే రాసింది. పిడుగు చూసి భయపడి తీసేసిందా? అప్పట్నించీ ఇక జంకు లేకుండా పెట్టుకుంది. అదీ నా ఎవలిన్!

ఇప్పుడు చెప్పబోయేదే నాకు ఈ కథలో ప్రాణం. ఖరీదైన వజ్రం కొన్నవాళ్లు ఏం చేస్తారు? బ్యాంకు లాకర్లో పడేస్తారు. ఏడాదికొకసారి పెళ్లికి తీస్తారు, పెళ్లంతా దాని మీదే చెయ్యి వేసుకుని కూర్చుంటారు, మర్నాడు మళ్లీ లాకరు. మీ ఇంట్లో కాసులపేరు సంగతి నాకు తెలీదనుకున్నారా? అది ఎండ మొహం చూసి ఎన్నాళ్లయింది? ఎవలిన్ అలా చేయలేదు. పొద్దుట పెట్టుకునేది. సాయంత్రం పెట్టుకునేది. స్టార్ ఆఫ్ ది ఈస్ట్ తలలో, హోప్ మెళ్లో, చేతులకి వజ్రాల కంకణాలు. 1912లో రష్యా రాయబారికి విందిచ్చింది. 48 మంది అతిథులు. ఖర్చు 40,000 డాలర్లు! పసుప్పచ్చ లిల్లీలు లండన్ నుంచి దిగాయి.

ఇంట్లో మైక్ అని ఒక కుక్క ఉండేది. గ్రేట్ డేన్ జాతి, దూడంత ఉంటుంది. బుద్ధి పుట్టినప్పుడు హోప్ వజ్రాన్ని దాని మెళ్లో వేసేది. వచ్చినవాళ్లు కుక్కని నిమురుతూ కళ్లు తేలేసేవాళ్లు. ఫ్రెండ్‌షిప్ అని ఊరి చివర వాళ్లకొక తోట బంగళా ఉండేది. అక్కడ విందులు పెట్టి, వజ్రాన్ని పొదల్లో ఎక్కడో దాచి, వెతకండర్రా అనేది. మంత్రులూ రాయబారులూ సూట్లు వేసుకుని మొక్కల కింద వంగి వెతకడం ఊహించుకోండి. ఎక్కడో పెట్టి మర్చిపోతే ఇల్లంతా తలకిందులయ్యేది. మళ్లీ దొరికేది. మళ్లీ మెళ్లో వేసుకునేది.

దుబారా అంటారా? అనండి. నేను మాత్రం ఆవిడ పక్షమే. ఆ రాయి నూటపాతికేళ్లు ఫ్రెంచి రాజుల పెట్టెలో ఉంది. ఎంతమంది చూశారు? ఎవలిన్ దగ్గరికి వచ్చాక చూసినవాళ్లు, ముట్టుకున్నవాళ్లు, మెళ్లో వేసుకుని అద్దంలో చూసుకున్నవాళ్లు లెక్కలేనంతమంది.

ఇక 1932 వేసవి. ఇది నెమ్మదిగా చెప్పాలి. అమెరికాలో ఉద్యోగాల్లేవు, తిండి లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన సిపాయిలకి బోనస్ ఇస్తామని ప్రభుత్వం రాసిచ్చింది, అయితే 1945లో. మాకు ఆకలి ఇప్పుడు కదా అని వాళ్లు వేలమంది రాజధానికి తరలొచ్చారు. వీధుల్లోనే పడకలు. ఒక రాత్రి ఎవలిన్ కొడుకుని వెంటబెట్టుకుని వాళ్లని చూడడానికి వెళ్లింది. చెట్టుకింద ఒకతను. అతన్ని అడిగిన మొదటి మాట, ఏమైనా తిన్నారా అని. మన ఊళ్లో గుమ్మంలోకి వచ్చినవాణ్ని అడిగే మాటే కదండీ. అతను తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు రాత్రి రెండు. ఆవిడ కారు తిప్పించి చైల్డ్స్ అనే హోటల్‌కి వెళ్లింది. అక్కడ పనివాడు ఆర్డరు కోసం వచ్చాడు. వెయ్యి శాండ్‌విచ్‌లు కావాలంది. వెయ్యి పెట్టెల సిగరెట్లు కూడా. వాడు ఆవిడ మొహంలోకి చూసి ఉంటాడు, వేళ చూసి ఉంటాడు. ఇచ్చారు. పోలీసు పెద్ద గ్లాస్‌ఫర్డ్ అక్కడే కనిపిస్తే, కాఫీ సంగతి నేను చూస్తానన్నాడాయన. ఆ రాత్రి వాళ్లు తిన్నారు. తర్వాత ఉపాధ్యక్షుడికి ఫోన్ చేసి, వీళ్ల గురించి ఏదో ఒకటి చేయండి అని గట్టిగా చెప్పింది. ఊళ్లో మిగతా పెద్దింటి ఆడవాళ్లు తలుపులేసుకున్న రోజులవి. కొండమీద కూలీలకి పింగాణీ పళ్లేలు పెట్టిన వడ్రంగి కూతురు మరి!

అదే ఏడాది ఇంకో సంగతి. విమానవీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డని ఎవరో ఎత్తుకుపోయారు. దేశమంతా అల్లకల్లోలం. ఎవలిన్ ఊరుకోలేకపోయింది. ఎందుకో చెప్తాను. ఆవిడ పెద్దకొడుకు విన్సన్, చచ్చిపోయిన తమ్ముడి పేరే పెట్టుకుంది, తొమ్మిదేళ్లప్పుడు 1919లో వీధిలోకి పరుగెత్తి కారు కింద పడ్డాడు. తల్లిదండ్రులు ఊళ్లో లేరు, కెంటకీలో గుర్రప్పందేలకి వెళ్లారు. ఆ తల్లికి ఇంకో తల్లి బిడ్డ కనబడలేదంటే ఎలా ఉంటుంది? గాస్టన్ మీన్స్ అనే పాత డిటెక్టివ్, దొంగలు నాకు తెలుసు, బిడ్డని తెచ్చిపెడతానన్నాడు. లక్ష డాలర్లూ, ఖర్చులకింకో నాలుగువేలూ లెక్కపెట్టి ఇచ్చింది. వాడు పచ్చి మోసగాడు. వాడి తోడుదొంగ ఎవరనుకున్నారు? నార్మన్ విటేకర్ అని పేరుమోసిన చదరంగం ఆటగాడు! మీన్స్ చెప్పిన ఊరల్లా తిరిగింది ఎవలిన్, పాపం. మీన్స్‌కి పదిహేనేళ్ల జైలు పడింది. డబ్బు మాత్రం ఎప్పటికీ దొరకలేదు. ఆవిణ్ని తెలివితక్కువదనేవాళ్లుంటే నా ముందు అనకండి. పోగొట్టుకున్న లక్ష కంటే ఆ తాపత్రయం నాకు పెద్దది.

కష్టాలు ఇంకా ఉన్నాయి. మొగుడు తాగుడుకీ తిరుగుళ్లకీ బానిసై, చివరికి మతి చెడి ఆస్పత్రిలోనే 1941లో పోయాడు. వాషింగ్టన్ పోస్ట్ దివాలా తీసి 1933లో వేలానికి వచ్చింది. పిల్లలకి దక్కాలని ఎవలిన్ ఆరు లక్షల దాకా పాడించింది. యూజీన్ మేయర్ 8,25,000కి ఎగరేసుకుపోయాడు. నాలుగేళ్ల క్రితం అదే మేయర్ యాభై లక్షలిస్తానంటే నెడ్ ఇవ్వనన్నాడు! డబ్బుకి కటకటలాడినప్పుడు హోప్ వజ్రాన్ని న్యూయార్క్‌లో తాకట్టు పెట్టింది ఎవలిన్. విడిపించుకుంది. 1946లో ఇరవైనాలుగేళ్ల కూతురు నిద్రమాత్రలు ఎక్కువై పోయింది. ఆ దెబ్బకి ఎవలిన్ కోలుకోలేదు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో న్యుమోనియాతో వెళ్లిపోయింది.

చూశారా, రాయి కాటేసింది అంటారు జనం. ఆగండాగండి. తమ్ముడు పోయిందీ, కాలు విరిగిందీ ఎప్పుడన్నాను? 1905. రాయి కొన్నది 1911. రాకముందే కాటేసే రాయి ఉంటుందా? టావెర్నియర్‌ని కుక్కలు పీక్కుతిన్నాయని కథ. ఆయన ఎనభై దాటాక మాస్కోలో పోయాడు. 14వ లూయీ ఏకంగా 72 ఏళ్లు ఏలాడు. సీతమ్మ విగ్రహం కంటిలోంచి పెకలించారని, అందుకే శాపమని ఇంకో కథ. అదీ కల్పనే. మన కృష్ణమ్మ ఒడ్డున మట్టి మోసిన చేతులు ఏరిన రాయికి శాపం అంటగడితే నాకు ఒళ్లు మండుతుందండీ. కొడుకు కారు కింద పడితే కారు తప్పు. మొగుడు తాగితే మొగుడి తప్పు. ఎవలిన్ కూడా రాయిని తిట్టిన పాపాన పోలేదు.

రెండో ప్రపంచయుద్ధకాలంలో ఆవిడ చేసిన పని చూడండి. వాషింగ్టన్‌లో వాల్టర్ రీడ్ అని సైనికుల ఆస్పత్రి. కాళ్లూ చేతులూ పోయిన కుర్రాళ్లు మంచాల మీద. ఎవలిన్ అక్కడికి వెళ్లేది. వజ్రం తీసి కుర్రాడి చేతిలో పెట్టేది. పట్టుకో, చూడు, పక్కవాడికియ్యి అనేది. మంచం నుంచి మంచానికి రాయి తిరిగేది. ఏ పల్లెలోంచి యుద్ధానికి వెళ్లాడో ఏమో, ఆ కుర్రాడి అరచేతిలో 14వ లూయీ వజ్రం! ఈ ఒక్క పని చాలు, నేనావిణ్ని తలుచుకోవడానికి.

ఆవిడ పోయింది శనివారం రాత్రి. బ్యాంకులు మూసేశారు. నగలన్నీ ఎక్కడ దాచాలో తోచక, వీలునామా చూసుకోవలసిన పెద్దమనుషులు వాటిని తీసుకెళ్లి ఎఫ్‌బీఐ వాళ్ల భద్రపు గదిలో పెట్టించారు. మనవలు పెద్దయ్యాక వాళ్లకి చెందాలని రాసింది గానీ, అప్పులు మిగిలాయి. 1949లో హ్యారీ విన్‌స్టన్ అనే న్యూయార్క్ నగల వర్తకుడు మొత్తం 74 నగలనీ కొనేశాడు. దేశమంతా తిప్పి ప్రదర్శించాడు. 1958లో హోప్‌ని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఉత్తపుణ్యానికి ఇచ్చేశాడు. ఎలా పంపాడో తెలుసా? రిజిస్టర్డ్ పోస్టులో! బ్రౌన్ కాగితం చుట్టి, పోస్ట్‌మ్యాన్ చేత. స్టాంపులు 2 డాలర్ల 44 సెంట్లు. పది లక్షలకి చేసిన బీమాతో కలిపి మొత్తం 145 డాలర్ల 29 సెంట్లు. మనం ఊరగాయ పంపినా ఇంతకంటే గట్టిగా కడతాం!

ఆ రాయికి నీలం రంగు బోరాన్ వల్ల వచ్చింది. కార్బన్ మధ్య చిటికెడంటే చిటికెడు బోరాన్. ఇంకో విచిత్రం. దాని మీద అతినీలలోహిత కాంతి వేసి, దీపం ఆర్పేస్తే, చీకట్లో నీలిరాయి ఎర్రగా వెలుగుతుంది. నిప్పుకణంలాగా కాసేపు వెలిగి ఆరిపోతుంది. ఇది ఎవలిన్‌కి తెలిసి ఉంటే విందుకి ఇంకెంతమందిని పిలిచేదో!

మీ పిల్లలు వర్జీనియాలోనో మేరీలాండ్‌లోనో ఉంటారు, ఎలాగూ చూడ్డానికి వెళ్తారు. వాళ్లు మిమ్మల్ని మాల్స్ చుట్టూ తిప్పుతారు. ఒక్క పూట వద్దనండి. వాషింగ్టన్‌లో నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి తీసుకెళ్లమనండి. రెండో అంతస్తులో, గది నడిమధ్య, అద్దాల పెట్టెలో ఉంటుంది. పక్కన నిలబడ్డవాళ్లకి ఇది మా కొల్లూరుదని చెప్పండి, మొహమాటపడకండి. టికెట్టు లేదు. డిసెంబరు 25 ఒక్కరోజే సెలవు.